పాచికల్లో రక్తబంధం

నేరాల కథలో కుటుంబం ఉంటే తెర ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటాం, చప్పట్లు కొడతాం. అదే కథలో అన్నగానో, చెల్లెలిగానో, భార్యగానో మనమే దిగి నిర్ణయాలు తీసుకోవాల్సి వస్తే? అలాంటి అవకాశం ఇచ్చే ఆటలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. వాటిలో అయినవాళ్ల కోసం చేసే ప్రతి పనికీ ఒక ధర ఉంటుంది.

నలుగురి ముఠా. దోపిడీ అనుకున్నట్టే జరిగింది, డబ్బు చేతికొచ్చింది. కానీ ఊళ్లో పోలీసుల వేట ముదిరింది. అది చల్లారాలంటే ముఠా తరఫున ఎవరో ఒకరు జైలుకు పోవాలి. నలుగురిలో ఒకరు పోవచ్చు. ముఠాను నమ్ముకున్న స్నేహితుణ్ని పంపొచ్చు. లేదంటే ఈ నేరంతో సంబంధమే లేని శత్రువును ఇరికించొచ్చు. నాయకుడికి ఇద్దరు చిన్నపిల్లలు. ముఠాలో అందరికన్నా చిన్నవాడు అతని సొంత తమ్ముడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. కాసేపు ఎవరూ నోరు విప్పరు. చివరికి తమ్ముడి పాత్ర వేస్తున్న అమ్మాయి అంటుంది: "నేను పోతాలే అన్నా. నువ్వు పిల్లల్ని చూసుకో."

'బ్లేడ్స్ ఇన్ ద డార్క్' అనే ఆటలో తరచూ ఎదురయ్యే పరిస్థితి ఇది. అమెరికన్ రూపకర్త జాన్ హార్పర్ రాసిన ఈ ఆట పుస్తకం 2017లో వచ్చింది. డాస్క్‌వోల్ అనే చీకటి నగరంలో ఎదగాలని చూసే చిన్న ముఠా కథ. ముఠా చేసే పనుల వల్ల 'హీట్' పెరుగుతూ పోతుంది. కాగితం మీద తొమ్మిది గడులు నిండితే 'వాంటెడ్' స్థాయి ఒక మెట్టు ఎక్కుతుంది. ఎక్కిన మెట్టు దిగాలంటే ఐరన్‌హుక్ జైల్లోకి ఒకరు నడవాల్సిందే. మొదటి మెట్టులో పట్టుబడితే నెలో రెండు నెలలో శిక్ష. నాలుగో మెట్టులో అయితే ఏళ్ల తరబడి జైలు, యావజ్జీవం, కాదంటే ఉరి. శిక్ష ముగించుకుని వచ్చిన మనిషి మనసుకు తగిలిన గాయంతో రావచ్చు. ఆ గాయాన్ని కూడా పాత్ర వివరాల కాగితంలో రాసుకోవాలి.

సినిమాలో తమ్ముడు అన్న కోసం జైలుకు వెళ్తే నేపథ్య సంగీతం మోగుతుంది, మరుసటి సీన్‌కి అయిదేళ్లు గడిచిపోతాయి. ఇక్కడ అలా కుదరదు. ఆ అమ్మాయి తర్వాతి వారం ఆటకు వచ్చినప్పుడు ఆమె పాత్ర జైల్లోనే ఉంటుంది. మిగతా ముగ్గురూ ఆ ఖాళీని చూస్తూ ఆడాలి.

చీటీలో వచ్చిన బతుకు

ఈ ఆటల పేరు తెలియనివాళ్లకు రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర ధరించి, మాటలతో కథ నడిపే ఆట. చాలా ఆటల్లో ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉండి లోకాన్నంతా వర్ణిస్తారు, మిగతావాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం తేలని చోట పాచికలు వేస్తారు. 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో పిల్లలు ఇంటి బేస్‌మెంట్‌లో ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ కోవలో మొదటిది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని 1974లో తెచ్చారు. చిన్నప్పుడు చీటీలు తీసి రాజు, మంత్రి, దొంగ, పోలీసు ఆడుకున్నవాళ్లు దీన్ని తేలిగ్గానే పట్టుకుంటారు. చీటీలో వచ్చిన దొంగ బతుకును నాలుగు గంటలపాటు బతకడం ఇందులో అదనం.

అదే 1974 చివర్లో 'ది గాడ్‌ఫాదర్ పార్ట్ టూ' విడుదలైంది. మారియో ప్యూజో నవల 1969లో, కొపోలా తీసిన తొలి భాగం 1972లో వచ్చి నేరాన్నీ కుటుంబాన్నీ విడదీయలేని జంటగా మార్చేశాయి. రెండో భాగంలో మైకేల్ కార్లియోన్ తన సొంత అన్న ఫ్రెడోను చంపించేస్తాడు. కుటుంబాన్ని కాపాడటానికే అంతా చేస్తున్నానని చెప్పుకున్న మనిషి చివరికి కుటుంబాన్నే చంపుకుంటాడు. నేరాల కథలతో రోల్ ప్లేయింగ్ గేమ్స్ రాయాలనుకున్నవాళ్లందరి మీదా ఆ సన్నివేశం నీడ పడి ఉంటుందని నేననుకుంటాను.

అయితే మొదట్లో వచ్చిన ఆటలు అంత లోతుకు వెళ్లలేదు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ప్రచురించిన టీఎస్ఆర్ సంస్థే 1982లో 'గ్యాంగ్‌బస్టర్స్' తెచ్చింది. అమెరికాలో మద్యనిషేధం నడిచిన 1920ల నాటి కథ, లేక్‌ఫ్రంట్ సిటీ అనే కల్పిత నగరం. ఒకే బల్ల దగ్గర ఒకరు పోలీసు, ఒకరు పత్రికా విలేఖరి, ఒకరు గ్యాంగ్‌స్టర్ కావచ్చు. సరదా ఆటే. కానీ దాని బలమంతా తుపాకులు, కార్లు, దర్యాప్తులు. తమ్ముడు పోలీసైతే అన్న ఏం చేయాలన్నది ఆటగాళ్ల ఊహకు వదిలిన సంగతి.

కుటుంబం నియమాల్లోకి రావడమే అసలు మలుపు.

ఎడమన చెల్లెలు, కుడిన భాగస్వామి

జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో రాసిన 'ఫియాస్కో' ఆ మలుపును అందరికన్నా చక్కగా తిప్పింది. కోయెన్ సోదరుల 'బ్లడ్ సింపుల్', 'ఫార్గో' సినిమాల్లో కనిపించే మనుషులు గుర్తున్నారా? పెద్ద ఆశ, చిన్న బుర్ర, అదుపు తప్పిన పథకం. ఆ తరహా కథను ఒక్క పూటలో, గేమ్ మాస్టర్ లేకుండా, ముందస్తు తయారీ ఏమీ లేకుండా ముగ్గురి నుంచి అయిదుగురు కలిసి అల్లుకునే ఆట ఇది. 2011లో డయానా జోన్స్ అవార్డు దీనికే దక్కింది.

ఇందులో నాకు బాగా నచ్చేది మొదటి పావుగంట. ఇక్కడ ఎవరూ 'నా పాత్ర ఫలానా' అని మొదలుపెట్టరు. నలుగురు ఆడుతుంటే తలా రెండు తెల్లవి, రెండు నల్లవి చొప్పున పదహారు పాచికలు బల్ల మధ్యలో దొర్లిస్తారు. పడిన అంకెలను బట్టి జాబితాల్లోంచి ఒక్కొక్కటి ఎంచుకుంటూ, పక్కపక్కన కూర్చున్న ప్రతి ఇద్దరి మధ్యా ఒక సంబంధం పెడతారు. చిన్న కార్డు మీద రాసి, సరిగ్గా ఆ ఇద్దరి మధ్యలో బల్ల మీద ఉంచుతారు. ఆ కార్డు ఇద్దరిదీ. అప్పుడుగానీ నేనెవరో నాకు తెలియదు. నా ఎడమన ఉన్న కార్డు, కుడిన ఉన్న కార్డు కలిస్తే వచ్చే మనిషిని నేను.

ఒక ఉదాహరణ చూద్దాం. నా ఎడమ కార్డు మీద 'కుటుంబం: అన్నాచెల్లెళ్లు' అని పడింది. కుడి కార్డు మీద 'నేరం: దొంగసొత్తు అమ్మే భాగస్వాములు' అని పడింది. సంబంధాలతో ఆట ఊరుకోదు. కొన్నిటికి ఒక అవసరాన్నో, వస్తువునో, చోటునో తగిలిస్తుంది. చెల్లెలితో ఉన్న కార్డుకు 'నాన్న చేసిన అప్పు తీర్చాలి' అన్న అవసరం తగిలింది. భాగస్వామితో ఉన్న కార్డుకు 'కారు డిక్కీలో సంచి' అన్న వస్తువు తగిలింది. అంతే, ఎవరూ కథ రాయకుండానే కథ పుట్టింది. చెల్లెలు అడుగుతుంది, "అన్నా, డిక్కీలో ఏముంది? తాళం ఎందుకు ఇవ్వట్లేదు?" భాగస్వామి అడుగుతాడు, "మీ చెల్లెలికి ఏమైనా చెప్పావా?" ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేను. ఒకరికి నిజం చెబితే ఇంకొకరికి ద్రోహం.

ప్రతి సన్నివేశం చివర ఒక పాచిక చేతికొస్తుంది. మంచిగా ముగిస్తే తెల్లది, చెడుగా ముగిస్తే నల్లది. మొదటి అంకంలో ఆ పాచికను వేరొకరికి ఇచ్చేయాలి, రెండో అంకంలో తనే ఉంచుకోవాలి. సగం పాచికలు అయ్యాక కథను తలకిందులు చేసే ఉపద్రవం ఒకటి వచ్చిపడుతుంది. చిట్టచివర ఎవరి దగ్గర పోగైన పాచికలు వాళ్లు వేసి, నల్లవాటి మొత్తానికీ తెల్లవాటి మొత్తానికీ తేడా చూస్తారు. తేడా ఎంత ఎక్కువైతే పాత్ర అంత క్షేమంగా బయటపడుతుంది, అది ఏ రంగైనా సరే. తేడా సున్నా వచ్చిందా, అంతకన్నా ఘోరమైన ముగింపు లేదు.

మొదటిసారి ఆడేవాళ్లకు ఈ లెక్క అన్యాయంగా తోస్తుంది. నిండా చెడ్డవాడు తప్పించుకుంటాడు, నిండా మంచివాడూ తప్పించుకుంటాడు, అటు చెల్లెలినీ ఇటు భాగస్వామినీ నొప్పించకూడదని మధ్యలో ఊగినవాడు నాశనమైపోతాడు. ఆలోచిస్తే నేర కుటుంబాల కథలు చెప్పేదీ దాదాపు ఇదే. ఫ్రెడోకు అన్నదమ్ముల మీద ప్రేమ లేక కాదు ఆ గతి పట్టింది. ఎటూ పూర్తిగా నిలబడలేకపోయాడు.

గుడ్లు విసిరిన పాపానికి

ఈ ఆటలన్నిటి వెనకా ఒక అసలు లోకం ఉంది. దాన్ని తలచుకోకుండా వీటి గురించి రాయడం సరికాదు.

సిసిలీ మాఫియాలో ముఠానే కుటుంబం అంటారు, సభ్యులంతా రక్తసంబంధీకులు కానక్కర్లేదు. 1963లో అమెరికా మాఫియా సభ్యుడు జోసెఫ్ వలాచీ సెనెట్ కమిటీ ముందు కూర్చుని, ముఠాలో చేరేటప్పుడు చేతిలో కాగితం కాలుతుండగా ప్రమాణం చేయించే తీరును ప్రపంచానికి చెప్పాడు. ఇటలీ దక్షిణపు కొసన ఉన్న కలాబ్రియా ప్రాంతపు ఎన్‌డ్రాంగెటా తీరు వేరు. అక్కడ ముఠా శాఖ అంటే నిజంగానే ఒక ఇల్లు. తండ్రి, కొడుకులు, అల్లుళ్లు, మేనల్లుళ్లు. రెండు ముఠాల మధ్య పొత్తు కావాలంటే పెళ్లి చేస్తారు. సిసిలీతో పోలిస్తే ఎన్‌డ్రాంగెటా నుంచి ప్రభుత్వ సాక్షులుగా మారినవాళ్లు చాలా తక్కువ. నోరు విప్పితే జైలుకు పోయేది కన్నతండ్రి, తోడబుట్టినవాడు కాబట్టి.

ఆ కట్టుబాటు ఎంతదాకా తీసుకెళ్తుందో శాన్ లూకా అనే చిన్న ఊరు చూపించింది. 1991లో అక్కడ కార్నివాల్ సందడిలో కుర్రాళ్లు గుడ్లు విసురుకున్నారు. మాట మాట పెరిగి ఇద్దరు హతమయ్యారు. నిర్తా-స్ట్రాంజియో, పెల్లే-వొట్టారీ కుటుంబాల మధ్య పగ అలా రాజుకుంది. 2006 క్రిస్మస్ రోజున మరియా స్ట్రాంజియో అనే ఇల్లాలు కాల్పుల్లో చనిపోయింది. 2007 ఆగస్టు 15న జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్ బయట ఆరుగురిని కాల్చి చంపారు. గుడ్లు విసిరిన వీధికీ ఆ రెస్టారెంట్‌కీ మధ్య పదహారేళ్ల కాలం, సగం ఐరోపా దూరం ఉన్నాయి.

ఈ కథలో సొంతవాళ్లకే ఎదురు తిరిగినవాళ్ల గురించి తక్కువ చెప్పుకుంటాం. పెప్పీనో ఇంపాస్టాటో సిసిలీలోని చీనిసీ ఊళ్లో మాఫియా ఇంట్లోనే పుట్టాడు. సొంత రేడియోలో ఊరి మాఫియా పెద్ద గాయెటానో బదలామెంటీని పేరు పెట్టి ఎండగట్టాడు. 1978 మే 9న అతన్ని చంపేశారు. తల్లి ఫెలీచియా ప్రతీకారం వద్దంది, కోర్టు కావాలంది. ఆ రెండూ ఆ ఇంటి సంప్రదాయానికి విరుద్ధమే. 2002లో బదలామెంటీకి యావజ్జీవ శిక్ష పడేదాకా ఆమె పట్టు వదల్లేదు. పార్తన్నాకు చెందిన రీటా అత్రియా ఇంకా చిన్నది. తండ్రినీ అన్ననూ మాఫియా హత్యల్లో పోగొట్టుకుని, పదిహేడేళ్ల వయసులో న్యాయాధికారి పావొలో బోర్సెల్లీనో ముందు తనకు తెలిసిందంతా చెప్పింది. కన్నతల్లి ఆమెను వెలివేసింది. 1992 జులై 19న బోర్సెల్లీనోను బాంబుతో చంపారు. వారం తిరిగేసరికి రీటా ప్రాణం తీసుకుంది.

'ఇంటిగుట్టు లంకకు చేటు' అనే సామెత మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. గుట్టు బయటపెట్టినవాణ్ని తప్పుపట్టడానికే దాన్ని వాడతాం. కానీ రామాయణం విభీషణుణ్ని తప్పుపట్టలేదు, పట్టాభిషేకం చేసింది. అన్న చేసింది తప్పని తెలిసి, మొహం మీదే చెప్పి, అయినా అన్న కోసం యుద్ధానికి వెళ్లి చనిపోయిన కుంభకర్ణుణ్నీ తక్కువ చేయలేదు. మంచి నేరకథా గేమ్‌లో ఈ ఇద్దరికీ చోటుంటుంది. ఏదో ఒకటే సరైనదని నియమాలు తీర్పు చెప్పవు. రెండింటికీ ధర మాత్రం వసూలు చేస్తాయి.

వ్యసనాల జాబితాలో ఇల్లు

మళ్లీ 'బ్లేడ్స్' దగ్గరకొద్దాం. ఎందుకంటే దానిలో ఇంకో నియమం ఉంది. ఈ ఆట మొత్తంలో అన్నిటికన్నా నిజాయతీగా రాసిన నియమం అదేనని నా అభిప్రాయం.

ప్రతి పాత్రకూ ఒత్తిడికి తొమ్మిది గడులు ఉంటాయి. ప్రమాదాన్ని తప్పించుకోవాలన్నా, శక్తికి మించి ఒక పని చేయాలన్నా ఒత్తిడి పెరుగుతుంది. పక్కవాడికి సాయపడాలన్నా ఒక గడి ఖర్చు. పక్కవాడి మీద పడబోయే దెబ్బకు అడ్డం నిలబడి నేను తింటానని చెప్పొచ్చు, దానికీ నియమం ఉంది. గడులు నిండితే ట్రామా. నాలుగు ట్రామాలైతే ఆ పాత్ర కథ ముగిసినట్టే. ఒత్తిడి దించుకోవడానికి దారి వ్యసనం. పాత్రను తయారు చేసుకునేటప్పుడే వ్యసనం ఎంచుకోవాలి. జూదం, విలాసం, మత్తు, దైవభక్తి వంటివాటితో పాటు ఆ జాబితాలో 'బాధ్యత' అనేదొకటి ఉంది. కుటుంబానికో, ఒక ఆశయానికో, ఒక సంస్థకో అంకితమై ఉండటం.

ముసలి తల్లిని చూసుకోవడం, అక్క పిల్లల ఫీజు కట్టడం జూదంతో పాటు ఒకే జాబితాలోనా అని మొదట మనసు ఒప్పుకోదు. కానీ ఆడుతూ పోతే తెలుస్తుంది. దొంగతనం చేసి వచ్చినవాడు పేకాట క్లబ్బుకు పోతే మనకు కోపం వస్తుంది. ఇంటికి పోయి తల్లి చేతిలో డబ్బు పెడితే జాలి కలుగుతుంది. ఇద్దరూ మర్నాడు మళ్లీ దొంగతనానికే బయల్దేరతారు. ఇంటికి పోయినవాడికి ఇంకో సౌకర్యం కూడా ఉంది, తన కోసం చేయట్లేదని చెప్పుకోవచ్చు. 'నా వాళ్ల కోసమే' అన్న మాట నేరం చేసేవాడి ఒత్తిడి దించుతుంది, మర్నాటికి సిద్ధం చేస్తుంది. ఎన్ని సినిమాలు ఈ మాటను హీరో నోట పలికించి మనల్ని ఒప్పించాయో తలచుకుంటే, ఆట రాసినాయన ఎంత లోతుగా చూశారో అర్థమవుతుంది.

డబ్బు విషయంలోనూ అంతే. వచ్చిన సొమ్మును ముఠా కోసం ఖర్చు పెట్టొచ్చు, లేదా ఎవరికి వారు దాచుకోవచ్చు. పాత్ర విరమించుకునే రోజున ఎంత దాచుకున్నారన్నదాన్ని బట్టి శేషజీవితం తేలుతుంది. ముఠాకే అంతా ధారపోసినవాడి ముగింపు మురికి కాలవ పక్కన. ముఠా అతన్ని చూసుకుంటుందని ఏ నియమమూ హామీ ఇవ్వదు.

రక్తబంధాన్ని భయానక కథగా మార్చిన ఆట ఇంకొకటి ఉంది. 1991లో మొదలైన 'వ్యాంపైర్: ది మాస్క్వరేడ్'లో జొవాన్నీ అనే వెనిస్ వంశం. వ్యాపారులు, వడ్డీలు తిప్పేవాళ్లు, చచ్చినవాళ్ల ఆత్మలను శాసించేవాళ్లు. రక్తపిశాచులుగా ఎవరిని మార్చాలన్నా దాదాపు ఎప్పుడూ సొంత కుటుంబంలోంచే ఎంచుకుంటారు. అంత ఇంటి అభిమానం ఉన్న ఈ వంశానికి మూలపురుషుడు అగస్టస్ జొవాన్నీ చేసిన మొదటి ఘనకార్యం, తనను రక్తపిశాచిగా మార్చిన కప్పడోషియస్‌నే అంతం చేసి ఆయన శక్తిని మింగేయడం. పెద్దల పట్ల విధేయంగా ఉండాలని నూరిపోసే ఇల్లు పెద్దాయన హత్య మీద నిలబడింది. అదే ఆటలో 'బ్లడ్ బాండ్' అనే నియమం ఉంది. ఒక పిశాచి రక్తం మూడు వేర్వేరు రాత్రుల్లో మూడుసార్లు తాగితే, తాగినవాడు దానికి దాసుడైపోతాడు. ఆ ప్రేమ తనది కాదని ఆటగాడికి తెలుసు. పాత్ర మాత్రం ఆ ప్రేమలోనే బతకాలి. పుట్టిన ఇల్లు కాబట్టి ప్రేమించక తప్పని మనుషుల గురించి ఇంతకన్నా దగ్గరగా రాసిన ఆట నియమం నేను చూడలేదు.

ఆమెకు ఏం తెలుసు?

నేరకథల్లో ఆడవాళ్లు తలుపు వెనక నిలబడతారు. 'ది గాడ్‌ఫాదర్' చివర్లో మైకేల్ భార్య ముఖం మీద తలుపు మూసుకుంటుంది, సినిమా అక్కడితో అయిపోతుంది. మార్క్ డియాజ్ ట్రూమన్ రాసిన 'కార్టెల్' ఆ తలుపు అవతలి వైపు నుంచి కూడా కథ చెబుతుంది. మెక్సికోలోని డురాంగోలో మాదకద్రవ్యాల వ్యాపారం చుట్టూ అల్లిన ఆట. ఎంచుకోవడానికి ఉన్న పాత్రల్లో సరుకు వండేవాడు, కాపలా కుర్రాడు, హంతకురాలు, పోలీసుల మనిషి ఉన్నారు. వాళ్లతో సమానంగా 'లా ఎస్పోసా' ఉంది, అంటే భార్య. ఆమె చేతికి తుపాకీ రానక్కర్లేదు. ఇంటికొచ్చే డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో ఆమెకు ఎంత తెలుసు, తెలిసినా తెలియనట్టు ఎంతకాలం ఉండగలదు అన్నదే ఆమె యుద్ధం.

ఈ ఆటలోనూ ఒత్తిడి పెరుగుతుంది, దించుకోవడానికి దారులున్నాయి. చర్చికి పోయి పాపం ఒప్పుకోవడం ఒకటి. ఇంట్లో ప్రేమించేవాళ్ల మీద విరుచుకుపడటం ఇంకొకటి. రెండోది చేస్తే పాత్రకు ఉపశమనం దొరుకుతుంది, బల్లకు అవతల కూర్చున్న మనిషి దాన్ని భరించాలి. కుటుంబం కోసం నేరం చేస్తున్నానన్నవాడు ఆ నేరపు ఒత్తిడిని ఆ కుటుంబం మీదే దించడం ఎన్ని ఇళ్లలో జరగదు? ఇది ఎదురుగా కూర్చున్నవాళ్ల కళ్లలోకి చూస్తూ ఆడాలి. అక్కడే చాలామందికి గొంతు పట్టేస్తుంది.

బల్ల మీద ఒక కార్డు

పిల్లలు ఇలాంటి ఆటలాడటమేమిటని తల్లిదండ్రులు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఈ కథనంలో చెప్పినవి పెద్దల ఆటలు. పదేళ్ల పిల్లలకు డ్రాగన్లు, కోటలు చాలు. పెద్దలకైనా కొన్ని జాగ్రత్తలు అవసరమే. ఆడేటప్పుడు పాత్ర బాధ మన బాధగా మారిపోవడాన్ని ఆటగాళ్లు 'బ్లీడ్' అంటారు. ఆస్తి తగాదాలో అన్నతో మాటలు లేని మనిషికి, బల్ల మీద అన్న పాత్ర ఎదురైతే ఏమవుతుందో ఊహించండి. అందుకే మొదలుపెట్టే ముందే ఏ విషయాలు కథలోకి రానివ్వకూడదో, ఏవి తెర వెనకే జరిగిపోవాలో మాట్లాడుకుంటారు. జాన్ స్టావ్రోపొలస్ ప్రచారంలోకి తెచ్చిన 'ఎక్స్ కార్డ్' అయితే మరీ తేలిక. 'ఎక్స్' గుర్తున్న కార్డు ఒకటి బల్ల మీద ఉంటుంది. ఎవరికి ఇబ్బందనిపించినా దాన్ని తాకితే చాలు, ఆ సంగతిని కథలోంచి తీసేస్తారు. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఈ పద్ధతి లేని బల్ల దగ్గర నేరకథలు ఆడొద్దని గట్టిగా చెబుతాను.

సీమ కథకు ఒక బల్ల

ఇదంతా ఎక్కడో ఇటలీ, మెక్సికో గొడవ అనుకోవడానికి మనకు వీల్లేదు. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) నుంచి 'అరవింద సమేత వీర రాఘవ' (2018) దాకా రాయలసీమ కక్షల మీద మన తెర ఎంత డబ్బు చేసుకుందో అందరికీ తెలుసు. మొదటి రెండింటిలో ఇంటి కోసం కత్తి పట్టడమే హీరో గొప్పతనం. 'అరవింద సమేత'కు వచ్చేసరికి నానమ్మ కత్తి దించమంటుంది, హీరో దారి మారుతుంది. ఈ మార్పు మంచిదే. కానీ అప్పుడూ మాట్లాడేది హీరో ఒక్కడే, మనం చూసేవాళ్లమే.

కక్షల్లో నలిగిన ఊళ్లలో హీరోలు కొద్దిమంది. జీపు నడిపినవాడు, కేసు తన మీద వేసుకుని జైలుకు పోయిన పాలేరు, పసిబిడ్డతో మిగిలిపోయిన కోడలు, బెంగళూరులో చదువుకుంటూ ఊరి నుంచి ఫోను వస్తే గుండె ఆగినంత పనయ్యే చిన్నకొడుకు ఎంతోమంది. వాళ్ల పాత్రల్లో నలుగురు కూర్చుని ఆడితే ఇంటి కోసం అన్న విధేయత ఎవరి వీపు మీద నడిచిందో కనిపిస్తుంది. జైలుకు పోయింది పెద్దాయన కాదనీ, అతని మనిషనీ తెలుస్తుంది. హైదరాబాద్ బోర్డు గేమ్ కేఫ్‌లలోనూ, అమెరికాలో మన పిల్లల హాస్టల్ గదుల్లోనూ ఇంగ్లిష్‌లో ఇలాంటి ఆటలు ఆడుతున్న తెలుగువాళ్లున్నారు. వాళ్లలో రాయగలిగినవాళ్లు తెలుగులో ఒక ఆట రాయాలి. కథారచయితలు, రంగస్థల కళాకారులు వాళ్లకు తోడు రావాలి. సీమ మాండలికంలో, సీమలో పెరిగినవాళ్లే రాస్తే ఇంకా మేలు.

ఖర్చు గురించి వెనకాడక్కర్లేదు. ఆడటానికి కాగితాలు, పెన్సిళ్లు, గుప్పెడు పాచికలు, మూడు నాలుగు గంటల సమయం చాలు. రాయడానికి పునాది కూడా సిద్ధంగా ఉంది. జాన్ హార్పర్ 'బ్లేడ్స్ ఇన్ ద డార్క్' నియమాల మూలపాఠాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. దాని మీద ఇప్పటికే అంతరిక్ష దొంగల ఆట నుంచి ఓడిపోయిన సైన్యం ఆట దాకా ఎన్నో వచ్చాయి. మూలం ఎవరిదో పేరు చెబితే చాలు, ఎవరైనా ఆ నియమాలను తీసుకుని, మార్చుకుని, తమ భాషలో ఆట రాసి అచ్చు వేసి అమ్ముకోవచ్చు.